డాక్టరమ్మకు చెప్పని కల్లు

ఇన్నేళ్లుగా ఈ మాట లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయన ఎడమ చెయ్యి పనిచేయదు. పొద్దున్నే చొక్కా గుండీలు నేనే పెడతాను. చూసిన ఆడవాళ్లు ఎంత ఓపిక తల్లీ నీకు అంటారు. ఆ మాట వింటే ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. అది కరోనా చేసిన పని అని ఊరంతా అనుకుంటుంది. ఆయనా అదే అనుకుంటాడు. చేసింది నేను.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. ఆయన తాపీ మేస్త్రీ. పని దిగగానే కల్లు కాంపౌండుకు పోయేవాడు. అది చెట్టు కల్లు కాదు, మత్తుమందు కలిపింది. అది తాగితేనే ఆయనకు నిద్ర పట్టేది. లాక్‌డౌన్‌లో కాంపౌండు మూసేశారు. రెండో రోజుకే చేతులు వణికాయి. మూడో రోజు గోడ మీద చీమలున్నాయంటూ గోళ్లతో గీకడం మొదలుపెట్టాడు. లేని మనుషులతో కొట్లాట. తలుపు తీసుకుని ఉరకబోయేవాడు. నేను గడపకు అడ్డంగా కూర్చునేదాన్ని. నాలుగు రోజులు కన్ను మూయలేదు. ఐదో రోజు పొద్దున, పొయ్యి ముందు కూర్చుని, ఈ మనిషి చచ్చిపోతే పడుకోవచ్చు కదా అనుకున్నాను. అవును, అనుకున్నాను.

అప్పుడే ఆశా వర్కరు అమ్మాయి వచ్చింది, ఎవరికన్నా జ్వరం, దగ్గు ఉన్నాయా అని ఇంటింటికీ అడుగుతూ. మా వెనక వాడలో ఒకాయనకు కల్లు లేక ఇట్లాగే అయితే దవాఖానలో గోలీలిచ్చి అదే రోజు ఇంటికి పంపారు. నాకది తెలుసు. జ్వరమంటే పద్నాలుగు రోజులు అక్కడే ఉంచుకుంటారు. అదీ తెలుసు. నిద్రలేక తెలివి తప్పి చెప్పానా? అట్లా సర్దిచెప్పుకోవాలని చాలాసార్లు చూశాను గానీ కుదరలేదు, ఎందుకంటే పద్నాలుగు రోజులని లెక్క వేసుకునే తెలివి ఆ క్షణంలో నాకు బాగానే ఉంది. జ్వరం, దగ్గు, రెండూ ఉన్నాయన్నాను. ఆయన వణుకును దూరం నుంచే చూసి ఆ పిల్ల నమ్మింది.

అంబులెన్సు పోయింది. చాప కూడా పరుచుకోకుండా నేల మీద పడుకున్నాను. ఎంత హాయిగా నిద్రపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగితే లేచాను. దవాఖాన నుంచి డాక్టరమ్మ.

"మీ ఆయన ఏందేందో మాట్లాడుతున్నడమ్మా. చూస్తే జ్వరం లేదు. కల్లు గిట్ల తాగుతడా? దాచకు, మందు మార్చాల్సి ఉంటది."

"లేదు మేడం."

"పండుగకు గూడ తాగడా?"

"ముట్టడు మేడం."

ఆమె రెండుసార్లు అడిగింది. మందు మార్చాలని కూడా చెప్పింది. అవునంటే సాయంత్రానికి ఆయన ఇంటికొస్తాడు, నేను మళ్లీ గడప దగ్గర కూర్చోవాలి. ఇంకొక్క రోజు పడుకుందాం, రేపు నేనే ఫోన్ చేసి చెబుదాం అనుకున్నాను. తెల్లారేలోపే ఆయనకు ఫిట్స్ వచ్చాయి. మంచం మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది.

ప్రాణం నిలిచింది. చెయ్యి పోయింది, దాంతో పని పోయింది. కల్లు కూడా మానేశాడు. "ఈమె టైముకు తోలింది గన్కనే బతికిన" అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. నేను చాయ్ పెట్టే నెపంతో లోపలికి పోతాను.

పోయిన నెల చెయ్యి చూపించడానికి కొత్త డాక్టరు దగ్గరికి పోయాం. ఆ డాక్టరు పాత సంగతులన్నీ ఓపికగా అడిగాడు. మా ఆయన ఏమీ దాచుకోలేదు. "మస్తు తాగేటోన్ని సార్, లాక్‌డౌన్ దాంక రోజూ" అన్నాడు. మరి అప్పుడు దవాఖానలో ఈ సంగతి చెప్పారా అని డాక్టరు అడిగాడు.

"నాకు సోయి లేకుండె సార్. మా ఇంటామె చెప్పే ఉంటది" అని మా ఆయన నా వైపు తిరిగాడు.

తలూపాను.

ఇన్నాళ్లూ ఆ తప్పును నిద్ర మీదికి నెట్టుకుంటూ వచ్చాను. నాలుగు రోజులు నిద్ర లేని మనిషి ఏం చేస్తుందో ఎవరికి తెలుసులే అని. కానీ పోయిన నెల నేను కంటినిండా పడుకుని, కడుపునిండా తిని పోయాను. అయినా తలూపాను. ఇక దేని మీదికి నెట్టాలి? ఆయనకు చెప్పే ధైర్యం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. మీకు మాత్రం చెప్పాను. ఒకరికైనా చెప్పాను.