మా అమ్మాయి కట్టిన గిన్నెల గది

మా అమ్మాయి పోయింది. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కారు జారిందని పోలీసులు అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న మా ఇంటికి వచ్చి చెప్పారు. వాళ్ళ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. మిగతాది మా ఆయన ముఖం చూసి తెలుసుకున్నాను.

నేను పెద్దగా చదువుకోలేదు. రాయడం అలవాటు లేదు. కానీ మమ్మల్ని ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో చాలామందికి నా కూతురు ఏం పని చేసేదో తెలియదు. "ఏం జాబ్ చేసేదండీ?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

తను కొత్తగా ఏదీ తయారు చేసేది కాదు. వాడేసి పక్కన పెట్టినవి, జనం వద్దనుకున్నవి తెచ్చుకునేది. మా గరాజ్‌లో కార్లు పెట్టే చోట, పడగొట్టిన ఇళ్ళ నుంచి తెచ్చిన పాత తలుపులు నాలుగు వైపులా నిలబెట్టి చిన్న గది కట్టింది. కప్పు లేదు. పైన అడ్డంగా కడ్డీలు వేసి, వాటికి నా పెళ్ళినాటి స్టీలు గిన్నెలు, మూతలు, మా అమ్మ పేరు కొట్టించిన చెంబు, నేను వాడటం మానేసిన మూకుళ్ళు వేలాడదీసింది. వాటి మధ్య, వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో పనికిరావని పక్కన పడేసిన కారు చక్రాల బ్రేక్ డ్రమ్ములు. ఏ తలుపు తీస్తే ఆ వైపు గిన్నెలు ఊగి మోగేవి. ఒక్కో తలుపుది ఒక్కో పాట.

"ఇదేం ఆర్టే? బొమ్మ గీస్తే కదా ఆర్టు" అన్నాను మొదట్లో.

"ఎప్పుడో ఒక ఆయన షాప్‌లో కొన్న వస్తువు అలానే తెచ్చి ఆర్ట్ షోలో పెట్టాడు అమ్మా. అందరికీ కోపం వచ్చింది. తర్వాత అందరూ ఆలోచించారు. బిల్డింగ్స్ కట్టేవాళ్ళు, మ్యూజిక్ చేసేవాళ్ళు కూడా."

"మరి ఇందులో నువ్వు చేసిందేమిటి?"

"చెయ్యలేదు. చూశాను, విన్నాను. అంతే."

ఫ్యాక్టరీలో మా ఆయన పని ఆ డ్రమ్ములను సుత్తితో తట్టి, పగులు ఉందో లేదో చెవితో పట్టుకోవడం. "నేను పొద్దున పారేసింది సాయంత్రానికి మన ఇంట్లో పాట పాడుతోంది. మా సూపర్‌వైజర్‌కి తెలిస్తే నన్ను తీసేసి నిన్ను పెట్టుకుంటాడు" అని కూతురితో మేలమాడేవారు.

నాకు మాత్రం తన పనంతా భయమే. పాత ఇనుము దుకాణాలకు వెళ్తే భయం, తుప్పు పట్టిన రేకు పట్టుకుంటే భయం, నిచ్చెన ఎక్కితే భయం. కారు తీసిందంటే, మళ్ళీ గరాజ్ తలుపు చప్పుడు వినేదాకా ఏ పనీ సాగేది కాదు. తను నవ్వేది. "అమ్మా, నీ భయానికి కూడా సౌండ్ ఉంది. నువ్వు గాజులు తిప్పుతావ్. పక్క రూమ్‌లోంచి నాకు తెలిసిపోతుంది" అనేది. నేను చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. "ఇప్పుడు కూడా వినిపిస్తోంది" అనేది.

ఆ గదిలో ఒక స్టీలు గ్లాసు ఉండేది. బారసాల నాడు మా అత్తగారు పిల్ల పేరు కొట్టించి ఇచ్చింది. పొద్దున్నే తీగ కొక్కెం నుంచి దాన్ని తీసుకుని వంటింట్లోకి వచ్చేది. కాఫీ తాగి, అడుగున కాస్త మిగిలి ఉండగానే, కడగకుండా తీసుకెళ్ళి మళ్ళీ నిలువుగా తగిలించేది.

"చీమలు పడతాయే" అంటే, "ఈ చలికి చీమలు ఎక్కడివి అమ్మా? వస్తువు రెండు పనులు చెయ్యొచ్చు కదా, మనుషుల్లాగా" అనేది.

తను పోయాక కొన్నాళ్ళు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. తెలుగువాళ్ళు వంతులు వేసుకుని అన్నం తెచ్చి పెట్టారు. ఎవరింటి కూర ఏదో కూడా చూడకుండా తిన్నాం. వాళ్ళ మేలు మరిచిపోలేను. శుద్ధి రోజున ఆడవాళ్ళంతా కలిసి మైల పోవడానికి ఇల్లంతా కడిగారు. నేను మేడ మీద పడుకుని ఉన్నాను. ఉన్నట్టుండి కింద గిన్నెలు మోగాయి. ఆ గదిలోని గిన్నెలే. పిల్ల వచ్చిందనుకున్నాను. లేచి వెళ్ళాలంటే భయం, వెళ్ళకుండా ఉండాలన్నా భయం. వింటుండగానే ఒక్కొక్కటే మోగడం ఆగిపోయింది.

నేను దిగి వచ్చేసరికి కడ్డీలు ఖాళీగా ఉన్నాయి. తాళ్ళు కత్తిరించి, అన్నీ సబ్బుతో తోమి, నా వంటింటి గిన్నెలతో కలిపి సైజు ప్రకారం అరల్లో బోర్లించారు. అందరిలోకీ పెద్దావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఎవరు వేలాడదీశారో ఏమో వదినా, అన్నీ జిడ్డు పట్టి ఉన్నాయి. తళతళలాడేట్టు తోమేశాం" అంది. ఆవిడను ఏమనగలను? మైల ఇంట్లో గిన్నె కనిపిస్తే కడగడమే మనకు తెలుసు.

ఆ వారంలోనే మా అమ్మాయి గదిని డెట్రాయిట్‌లో ఒక చిన్న ఎగ్జిబిషన్‌లో పెట్టాలి. తను ఉండగానే ఒప్పుకున్న పని. తన స్నేహితురాలు వ్యాన్ తీసుకుని వచ్చింది, తోడుగా ఇంకో కుర్రాడు. ఆ పిల్ల మా అమ్మాయిలాగే ఇక్కడే పుట్టి పెరిగింది. అరల నిండా ఉన్న గిన్నెలు చూసి కుర్చీలో కూలబడింది.

"ఆంటీ, ఇందులో తనవి ఏవి?"

నాకు తెలియదు. ఆ మాట నోటితో చెప్పడానికి ఎంత భయం వేసిందో. తప్పు గిన్నె పంపిస్తే అక్కడ తన పేరు కింద మోగేది తన పాట కాదు. కుడి ఎడమలు మారినా పాట పోతుంది. పిల్ల పోయింది, ఇక మిగిలినది కూడా నా చేతుల్లోనే పోతుందా అనిపించింది.

స్నేహితురాలి ఫోన్‌లో ఒక వీడియో ఉంది. అందులో మా అమ్మాయి ఒక్కో తలుపూ తీస్తూ లోపలికి నడుస్తోంది. అది పెట్టి, ఆపి, మళ్ళీ పెట్టి, గిన్నెలు తట్టుకుంటూ కూర్చున్నాం. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "ఇది కాదు. ఆ మూకుడు ఇటివ్వు. ఆఁ, ఇదీ" అనేవారు. మధ్యాహ్నానికి అన్నీ కుదిరాయి, ఆ గ్లాసు తప్ప. అదే గ్లాసు, పేరు కూడా ఉంది. కానీ గొంతు తనది కాదు. పల్చగా, కీచుగా ఉంది. మా ఆయన తిప్పి తిప్పి చూశారు. "పగులు లేదే" అన్నారు.

ఆ పిల్ల వీడియోను చివరిదాకా వదిలేసింది. పాట అయిపోయింది. తర్వాత మా అమ్మాయి గొంతు. "అమ్మా, ఇంకొంచెం కాఫీ ఉందా?"

నేను లేచి పాలు పెట్టాను. డికాషన్ తీసి, కాఫీ కలిపి, ఆ గ్లాసు అడుగున గుక్కెడు పోశాను. మా ఆయన గోటితో మీటారు. గొంతు కిందికి దిగింది. తనది.

"ఇది అక్కడ ఎండిపోతుంది ఆంటీ. అయినా దారిలోనే ఒలికిపోతుంది" అంది స్నేహితురాలు.

పోలీసులు వచ్చిన రోజు తర్వాత నేను చావుపనులకు తప్ప కారెక్కలేదు. కిటికీలోంచి రోడ్డు చూడటం కూడా మానేశాను. బయట ఆ రోజు కూడా మంచు ఉంది.

"నేను పట్టుకుంటాను" అన్నాను.

గిన్నెలు, తలుపులు, డ్రమ్ములు వ్యాన్‌లో ఎక్కించి మా ఆయన, ఆ కుర్రాడు ముందు వెళ్ళారు. నేను స్నేహితురాలి కారులో ముందు సీట్లో కూర్చున్నాను. తనే వంగి నాకు బెల్టు పెట్టింది.

"స్లోగా పోతా ఆంటీ."

"ఎంత స్లోగా?"

"కాఫీ ఒలకనంత."

మిగిలిన కాఫీ పోసిన ఫ్లాస్కు కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను, అక్కడ మళ్ళీ పోయాలి కదా. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను. కారు కదిలింది. గాజులు గ్లాసుకు తగిలి సన్నగా మోగడం మొదలుపెట్టాయి. ఆ పిల్ల రేడియో వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టాప్ సైన్ దగ్గర, అటూ ఇటూ ఎవరూ లేకపోయినా చాలాసేపు ఆగింది. గాజులు మాత్రం ఆగలేదు.