గంగమ్మ గొర్రెలు, మూడు కోడెక్కులు

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది వేసవిలో నన్ను పావగడ తాలూకా తిరుమణి దగ్గరి సోలార్ ప్లాంటుకు సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. హోదా వినడానికి బాగానే ఉంటుంది. కంప్యూటరు, కెమెరా, ప్రింటరు, ఏది మొరాయించినా నన్ను పిలుస్తారని దానర్థం. నా పైన ప్లాంటు మేనేజరుగారు, నా కింద ఎవరూ లేరు.

సోలార్ ప్లాంటుకు గొర్రెలతో పనేమిటని అడిగేవాళ్ళకు ఒక మాట. ప్యానెళ్ళ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది కాబట్టి వాటిని నీళ్ళతో కడిగిస్తాం. ఆ నీళ్ళు కారి కింద గడ్డి మొలుస్తుంది. అది ఎండితే నిప్పు భయం. మనుషులతో కోయించడం కంటే గొర్రెలతో మేపించడం మేలని, బ్లాకుకు ఒకరు చొప్పున ఊళ్ళోవాళ్ళకు వంతులు వేశారు. షరతు ఒక్కటే: కొమ్ముల పొట్టేలు లోపలికి రాకూడదు. అద్దంలో తన నీడ కనిపిస్తే పొట్టేలు ఊరుకోదు.

ఐదో బ్లాకు వంతు గంగమ్మది. ఆ భూమి కూడా ఆమెదే. కంపెనీకి లీజుకిచ్చినా పహణిలో, అంటే భూమి రికార్డులో, పేరు ఇప్పటికీ ఆమెదే ఉంది. చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, కెమెరా బిగించినా ఆమె దాన్ని ‘మా చేను’ అనే అనేది. ఆ వేసవిలో బయట ఎక్కడా పచ్చగడ్డి పరక లేదు. ఆమె గొర్రెలు బతకాలంటే ఆ ప్యానెళ్ళ కింది గడ్డే దిక్కు.

ఒక సోమవారం ఆ బ్లాకులో ఒక ప్యానెల్ పగిలి కనిపించింది. సెక్యూరిటీ సూపర్‌వైజరు హనుమంతరాయప్ప కెమెరా రికార్డింగు తెచ్చి కంట్రోల్ రూమ్ కంప్యూటర్లో వేశాడు. తెర నిండా గొర్రెలే. ఒక గొర్రె నడిస్తే అది నడిచిన దారంతా గొర్రెలు మిగిలిపోతున్నాయి. ఆకుపచ్చ గళ్ళ మధ్య అక్కడొక కొమ్ము, ఇక్కడొక తోక. హనుమంతరాయప్ప తెర మీద వేలు పెట్టి లెక్కపెడుతూ ముప్పై దాకా వచ్చాడు. గంగమ్మ ఊళ్ళోవాళ్ళ గొర్రెలన్నీ పోగేసి, పొట్టేలుతో సహా లోపలికి తోలిందని తేల్చాడు. మేనేజరుగారు ఆమెను పిలిపించి, వంతు రద్దు చేస్తున్నానన్నారు. తెర మీద కనిపించేవన్నీ నీవే, ఇంకేం సాక్ష్యం కావాలి అన్నారు.

గంగమ్మ తెరను చాలాసేపు చూసింది.

“నాకుండేది పదకొండే సారూ. ఈడ ముప్పై కనపడతాండాయి. మిగిలినవి యాడుండాయో చూపిచ్చండి, తోలుకపోతా.”

నాకు నవ్వొచ్చింది గాని, మేనేజరుగారి ముందు దాన్ని దగ్గుగా మార్చుకున్నాను. అదే సమయానికి బయట ఏదో జీవం అరిచింది. హనుమంతరాయప్ప లేచి, వడగాలి వస్తోందంటూ కిటికీ మూశాడు.

ఈ వీడియోను శుభ్రం చేసి హెడ్డాఫీసుకు పంపమని మేనేజరుగారు నాకు చెప్పారు. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. గంగమ్మ గుమ్మం పక్కన నేల మీద చతికిలబడి, సరిగ్గా కనపడేదాకా లేచేది లేదంది. దాంతో మేనేజరుగారూ కూర్చోక తప్పలేదు.

వీడియోను ఉన్నదున్నట్టు దాచాలంటే చోటు చాలదు. అందుకని ఒక బొమ్మను పూర్తిగా దాచి, ఆ తర్వాత అందులో కదిలినదాన్ని మాత్రమే మడతపెట్టి దాస్తారు. ఆ మడత పెట్టే, విప్పే ప్రోగ్రామే కోడెక్. ఏ పద్ధతిలో మడిచారో ఆ పద్ధతిలోనే విప్పాలి. లేకపోతే పాత బొమ్మ చెరగకుండానే కొత్తది వచ్చి దాని మీద పడుతుంది. ఆ కంప్యూటర్లో కోడెక్కుల మూటలు మూడున్నాయి. మూడు షిఫ్టుల ఆపరేటర్లు ఎవరికి వారు సినిమాలు చూడటానికి వేసుకున్నవి. ఏ ఫైలు తెరిచినా మూడూ నేనంటే నేనని దాని మీద పడుతున్నాయి. కెమెరాతో వచ్చిన అసలు కోడెక్‌కు అవకాశమే దొరకడం లేదు.

మొదటి మూట తీసేశాను. గొర్రెలు ఊదారంగుకు తిరిగాయి. తన గొర్రెలకు రంగు ఎవరు పూశారని గంగమ్మ అడిగింది. రెండోది తీశాను. గొర్రెలు తలకిందులుగా మేయసాగాయి. ఈసారి ఆమె ఏమీ అడగలేదు, నా మీద నమ్మకం పోయినట్టుంది. మూడోది తీయబోతుంటే డ్యూటీలో ఉన్న ఆపరేటరు నా చెవి దగ్గరికి వంగి, సినిమా సగంలో ఉంది, అదొక్కటి వదిలెయ్యమని బతిమాలాడు. తీసేశాను. కంప్యూటరును రీస్టార్ట్ చేసి, కెమెరా కోడెక్‌ను మళ్ళీ వేసి ఫైలు తెరిచాను.

బొమ్మ తేటపడింది. పదకొండు గొర్రెలు ఒక మూల బుద్ధిగా మేస్తున్నాయి. ఇంతలో కంట్రోల్ రూమ్ వైపు నుంచి బాగా బలిసిన పొట్టేలొకటి ఒంటరిగా వచ్చి ప్యానెల్ ముందు ఆగింది. అద్దంలో దానికి ఇంకో పొట్టేలు కనిపించింది. కాస్త వెనక్కి తగ్గి, పరుగెత్తుకొచ్చి ఢీకొట్టింది. అద్దం పగిలాక, ఎదుటిది ఓడిపోయిందనుకుందో ఏమో, తల ఎగరేసుకుంటూ వెళ్ళిపోయింది. దాని మెడకు ఎర్ర కేబులు ముక్కొకటి వేలాడుతోంది.

ప్యానెళ్ళను కలిపే ఆ కేబులు మా స్టోరులో తప్ప ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఉండదు. మేనేజరుగారికి ప్రమోషన్ వచ్చిన సందర్భంగా, వచ్చే ఆదివారం స్టాఫు విందుకని హనుమంతరాయప్ప కొనితెచ్చి కంట్రోల్ రూమ్ వెనక కట్టేసిన పొట్టేలు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. మూసిన కిటికీ అవతల అది మళ్ళీ అరిచింది.

“పొద్దున ఐదో బ్లాకు గేటు కాడ నిలబడుండె సార్,” అన్నాడు హనుమంతరాయప్ప నేల చూపులు చూస్తూ. “కట్టు ఊడిందనుకొని మళ్ళా కట్టేస్తి.”

వంతు రద్దు కాలేదని, ఇక వెళ్ళవచ్చని మేనేజరుగారు గంగమ్మతో అన్నారు. ఆమె లేచి కొంగు దులుపుకుంది.

“తెర మీద కనపడేవన్నీ నీవే అంటిరి గద సారూ. అట్లయితే అదీ నాదే.”

వెనక్కి వెళ్ళి పొట్టేలును విప్పి, కేబులుతో సహా తోలుకుపోయింది. ఎవరూ అడ్డం పోలేదు. నాకైతే చెప్పలేనంత సంతోషమైంది. ఆదివారం విందులో రాగిముద్ద, వేరుశనగ చట్నీ తిన్నాం. ఆ తర్వాత గంగమ్మ గొర్రెలను మేపడానికి వచ్చినప్పుడల్లా పొట్టేలును అదే ఎర్ర కేబులుతో గేటు బయట కట్టేసి వచ్చేది. షరతు షరతే.

ముందు నువ్వొక్కడివే చూసుకుని నాకు చెప్పవలసింది కదా అని మేనేజరుగారు తర్వాత నన్ను పక్కకు పిలిచి అన్నారు. నేను నేర్చుకున్నది ఆ మాట నుంచే. సాక్ష్యంగా చూపించే వీడియోను బాగుచేసేటప్పుడు తలుపు తెరిచి ఉంచాలి. నింద ఎవరి మీద పడిందో వాళ్ళను గదిలోనే కూర్చోబెట్టుకోవాలి. కోడెక్కుల సంగతి ఆ తర్వాత.