కూర్చుని అడగండమ్మా

మొన్న తెల్లవారేసరికి మదనపల్లె నుంచి ఫోన్ వచ్చింది. మా ట్రైనింగ్ మేడం పోయారని వాళ్లమ్మాయి చెప్పింది. బీపీ పెరిగి, నిద్రలోనే. నేను ఆమెను చూసొచ్చి నెల కూడా కాలేదు. ఆ చూసిరావడం గుర్తొచ్చి ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

తొంభైల్లో పుంగనూరులో మా ఏఎన్‌ఎం నర్సులకు రిఫ్రెషర్ క్లాసులు ఆమే చెప్పేవారు. క్లాసులంటే మాకు పల్లెల్లో తిరిగే బాధ తప్పి, ఫ్యాను కింద కునుకు తీయడం. ఆమె దగ్గర మా పప్పులు ఉడకలేదు. మాలో ఒకరిని బల్ల మీద పడుకోబెట్టి, తక్కినవాళ్లను చుట్టూ నిలబెట్టి ప్రశ్నలు వేయించేవారు. పడుకున్న మనిషికి ఊపిరాడేది కాదు.

"సూసినారా? అంతెత్తు నుంచి అడిగితే ఎవురైనా మీకు కావాల్సిన జవాబే సెప్తారు. మంచంలో పడితే నేనైనా అంతే. స్టూలు లాక్కోని కూసోని అడగండమ్మా" అనేవారు.

వెనకాల మేం 'స్టూలమ్మ' అని పేరు పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఆమెకు తెలుసు. "స్టూలమ్మ వచ్చిందప్పా, నిద్ర లేయండి" అంటూ తనే లోపలికొచ్చేవారు.

ఒకసారి కుప్పం దగ్గర నేను పనిచేసే ఊరికి వచ్చారు. ఇద్దరం ఒక గర్భిణి ఇంటికి వెళ్లాం. గుమ్మంలోంచే అడిగాను, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అని. "ఏసుకుంటాండా మేడం" అంది ఆ పిల్ల. సరే అని తిరగబోయాను. మేడం మాత్రం లోపలికి పోయి, ఆమె పక్కన నేల మీద చతికిలబడి, తానూ శనక్కాయలు వలవసాగారు. కాసేపటికి ఆ పిల్లే లేచి, బియ్యం డబ్బాలో దాచిన మాత్రలు తెచ్చి ముందు పెట్టింది.

"దొడ్డికి నల్లంగ పోతాదమ్మా. బయమేసి మానేసినా."

"ఆ మాత్రలకు అట్లే పోతాది తల్లీ, బయపడాకు."

తిరిగొచ్చేటప్పుడు మేడం నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల కొంగులో పోసిన శనక్కాయలు నాకూ పెట్టారు.

తర్వాత నేనూ ట్రైనర్‌నయ్యాను. ఆమె మాటే కొత్త పిల్లలకు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. పోయిన నెల మదనపల్లెలో సరిగ్గా ఆ పాఠమే చెప్పి, అట్నుంచటే ఆమెను చూడ్డానికి వెళ్లాను. ఆమె పడుకున్న మంచం పక్కన స్టూలు వేసి ఉంది. కుప్పం బస్సుకు టైమవుతోంది.

"బీపీ మాత్రలేసుకుంటాండారా మేడం?"

ఆమె నా ముఖంలోకి చూశారు. "ఏసుకుంటాండానమ్మా" అన్నారు. స్టూలు వైపు చూసి, "కూసోరాదా?" అన్నారు.

"బస్సుంది మేడం, మళ్లీ వస్తా."

మళ్లీ వెళ్లింది మొన్ననే. దిండు కింద దొరికాయని వాళ్లమ్మాయి మాత్రల అట్టలు తెచ్చి చూపించింది. ఒక్కటీ చించలేదు.

"తల తిరగతాదని మానేసిందంటక్కా. పక్కింటామెకు సెప్పిందంట. నాకు సెప్పలా. నీకైనా సెప్పిండాదేమో అనుకుంటి."

నాకెలా చెప్తారు? ఆ రోజు ఆమె ముందు నేను నిలబడే ఉన్నాను. స్టూలు మీద నా హ్యాండ్‌బ్యాగు కూర్చుని ఉంది.