నాయన నడిచిన సముద్రపు వంతెన

మా చిన్నప్పుడు... ధర్మవరంలో వేసవి సెలవులొస్తే వీధిలో పిల్లలంతా తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లు. నేను మాత్రం మగ్గం దగ్గర.

పట్టుచీరకు రెండువైపులా పెద్ద అంచు నేయాలంటే ఒక్కరి వల్ల కాదు. ఆ కొసన నాయన, ఈ కొసన నేను. నా వైపు అంచు దారం ఉండే నాడెను నేను తిప్పి పంపాలి. నేను లేస్తే మగ్గం ఆగిపోతుంది.

బయట కేకలు వినబడగానే నా కాళ్లు నిలిచేవి కావు... అప్పుడు నాయన మొదలుపెట్టేవాడు.

"పాండిచ్చేరిలో సముద్రం లోపలికి పాత వంతెన ఉండాది పాపా. కొసదాకా నడిచినా. ఆడ గాలికి నా తువ్వాలే ఎగిరిపాయ!"

నిజంగానే ఒకసారి చీరలు అమ్మడానికి పోయి, భుజాన తువ్వాల లేకుండా వచ్చాడు. ఇంక నమ్మక ఏం చేస్తాను?

"ఈ చీర నేసి మగ్గం మీంచి కోసినాక నిన్నూ పిల్చుకపోతా. కదలద్దు."

ఆ చీర కోసేవాడు... ఇంకో చీర మొదలయ్యేది. పదో తరగతితో చదువు ఆగింది. పెళ్లయింది. నాయన పోయాడు. వంతెన మాత్రం నా మనసులో అట్లాగే ఉండిపోయింది.

మొన్న మా భజన బృందంతో అరుణాచలం వెళ్లి, అటునుంచి పాండిచ్చేరి పోయాం. ఆ పాత వంతెన ఎక్కడని వెతికితే... నీళ్లలో నల్లటి స్తంభాలు. పైన ఏమీ లేదు. శనక్కాయలమ్మే ముసలాయనకు తెలుగొచ్చు, అడిగాను.

"నేను పుట్టకముందే తుఫానుకు పడిపోయిందమ్మా."

నాయన ఉంటే ఆయనకూ ఈ ముసలాయన వయసే... మరి కొసదాకా ఎట్లా నడిచాడు?

ఇంటికొచ్చి అమ్మకు చెప్తే నవ్వింది.

"మీ నాయన పాండిచ్చేరి యాడ చూసినాడే! మద్రాసు షావుకారి అంగట్లో గోడ మీద ఆ వంతెన బొమ్మ చూసొచ్చినాడు. తువ్వాల బస్సులో మర్చిపోయినాడు."

"నీకు తెలుసా అమ్మా?"

"తెలీకేం? నువ్వు లేస్తే మగ్గం కాడ నన్ను కూర్చోమంటాండె!"

ఇద్దరికీ తెలుసు. నా ఒక్కదానికే తెలియదు... అన్ని వేసవులు.

ప్రతి శనివారం స్వామికి, నాయన ఫోటోకు దీపం పెడతాను. ఈ వారమూ పెట్టాను. నాయన ముఖం వంక మాత్రం చూడలేకపోయాను.

ఈ కాలం పిల్లలైతే ఫోనులో చూసి అప్పుడే పట్టేసేవాళ్లు. మనం పెద్దల మాటల్లోనే చూశాం...

మిమ్మల్ని కూర్చోబెట్టడానికి మీ ఇంట్లో ఏ ఊరు చూపిస్తామన్నారు? చూపించారా?