ట్రెబియస్ తాత పాత పంచాంగం

రోమ్ నగరమంతా ఒక రోజులో ఉంటే, ట్రెబియస్ తాత మాత్రం ఇంకో రోజులో ఉంటాడు. ఓపియా భర్త గావియస్‌కు ఇదే కాలక్షేపం. రోజూ తెల్లవారగానే గుమ్మంలో నిలబడి, "తాతా, ఇవాళ ఏ రోజు?" అని కేకేసేవాడు. ఎదురింటి రాతిబల్ల మీంచి తాత తప్పు రోజు చెప్పేవాడు. సందంతా నవ్వేది.

ద్రాక్షకోతలప్పుడు గావియస్ పోయాడు. ఇప్పుడు ఎవరూ అడగరు. తాత మాత్రం జవాబు చెబుతూనే ఉన్నాడు. పొద్దున్నే ఆ ఖాళీ గుమ్మంకేసి చూసి, కాసేపు చెవి ఒగ్గి, "ఇవాళా? ఇవాళ నెల నడిమి పండగరా," అంటాడు. లోపల పిండి కలుపుతున్న ఓపియాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఏలేవాళ్ళు పంచాంగం మార్చి కొన్నేళ్ళయింది. మార్చిన ఏడాది, లెక్క కుదరడానికి మూడు నెలలు అదనంగా కుక్కారు. తాత కోపమంతా దానిమీదే.

"నన్నొక్క మాటడక్కుండా మూడు నెలలు ఎక్కువ బతికించడానికి వాళ్ళెవరు?"

అప్పటినుంచి ఓపియా ఇంటి బయటి గోడ మీద ఎర్రమట్టితో తన పాత పంచాంగం తనే రాసుకుంటున్నాడు. పాతకాలపు పూజారుల్లాగే, తోచినప్పుడల్లా రోజులు చేర్చేస్తాడు. అందుకే ఎప్పుడూ వెనకబడే ఉంటాడు.

రొట్టెలు కాల్చే హెల్వియా కూతురి పెళ్ళికి పూలదండ పట్టుకుని ఆయన వెళ్ళేసరికి, పెళ్ళికూతురు అత్తగారితో పోట్లాటలో ఉంది.

"పెళ్ళయిపోయింది తాతా!"

"మొన్న చేసుకున్నది మచ్చుకు. అసలుది ఇవాళ. నవ్వండి ఇద్దరూ!" అని దండ వేసి, భోంచేసి మరీ వచ్చాడు. అత్తాకోడళ్ళు నవ్వలేక చచ్చారట.

ఈసారి తాత రాతలున్న ఆ గోడకు సున్నం కొట్టించి, కొత్త పంచాంగం రాయించాలనుకుంది ఓపియా. సున్నం కలిపి కుండలో పెట్టింది కూడా. అంతలో పెద్దల రోజులొచ్చాయి. గుళ్ళు మూసేసి, ఊరంతా సమాధుల బాట పట్టే రోజులు. పోయాక గావియస్‌కు పెట్టాల్సిన మొదటి తిండి ఇదే. పెట్టకపోతే పోయినవాళ్ళు ఆకలితో ఇంటికే వస్తారు. సరిగ్గా అప్పుడే ఓపియాను జ్వరం పడేసింది. ఒళ్ళు తెలిసేసరికి హెల్వియా తలుపులోంచి తొంగిచూసి, "నిన్నటితో అయిపోయాయి కదమ్మా," అంది.

హెల్వియా వెళ్ళాక చూస్తే, గావియస్ తాగే గిన్నె నేలమీద బోర్లా పడి ఉంది. అది ఉండే అలమర తలుపు మూసే ఉంది. గుమ్మం దగ్గర తడిసిన ఉన్నికంబళి వాసన. గావియస్ కప్పుకునే ఆ కంబళి అతనితోపాటే చితిలో కాలిపోయింది.

తలుపు దబదబమంది. ఓపియా ఊపిరి బిగబట్టింది.

"లే పిల్లా! ఇవాళ పెద్దల ఆఖరి రోజు. పద!" ట్రెబియస్ తాత గొంతు.

"నిన్ననే అయిపోయింది తాతా," అంటూ ఏడ్చేసింది.

"ఎవడు చెప్పాడు? గోడ చూడు!"

చూసింది. చివరి రోజు దగ్గర ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది. తాత చేతిలో ద్రాక్షసారాయిలో నానిన రొట్టె, చిటికెడు ఉప్పు, ఊదాపూలు.

"ఆయనకు ఈ లెక్క చెల్లుతుందా తాతా?"

"గావియస్ ఏనాడైనా నన్ను కాక ఇంకెవణ్ణయినా రోజు అడిగాడా? వాడు నా పంచాంగంలోనే ఉన్నాడే."

సమాధుల బాట మీద మంచు తప్ప మనిషి లేడు. గావియస్ సమాధి ముందు కుండపెంకు మీద రొట్టె పెడుతుంటే, గాలి లేకుండానే పూలు కదిలాయి. తాత ఖాళీలోకి చూసి, "మెల్లిగా తినరా. రోజంతా ఉంది," అన్నాడు.

పక్కనే తాత భార్య సమాధి. అక్కడి పూలు వాడిపోయాయి. రొట్టెను పిట్టలు సగం పొడుచుకు తిన్నాయి.

"తాతా, ఇవి నిన్నటివి కదూ?"

తాత దగ్గాడు. గడ్డం గోక్కున్నాడు. "మీ అవ్వ సంగతి తెలిసిందేగా. అన్నిటికీ తొందరే. ఎప్పుడూ నాకంటే ఒకరోజు ముందుండేది."

ద్రాక్షకోతల తర్వాత ఓపియా నవ్వడం అదే మొదలు.

మర్నాడు గిన్నె అలమరలోనే ఉంది. ఓపియా గుమ్మంలోకొచ్చి, "తాతా, ఇవాళ ఏ రోజు?" అని కేకేసింది. తాత ఉలిక్కిపడి, ముందు ఆమె పక్కనున్న ఖాళీకేసి, తర్వాత ఆమెకేసి చూశాడు. ఎప్పటిలాగే తప్పు చెప్పాడు. సందంతా నవ్వింది.

గోడ పక్కన కుండలో సున్నం గట్టిపడుతోంది. ఓపియా దానిమీద మూతయినా వేయకుండా లోపలికి వెళ్ళిపోయింది.