ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెనక్కి నడిచిన ఫ్రెంచ్ రచయిత

మా చిన్నప్పుడు... ఆదివారం నాంపల్లిలో మా చర్చి బల్ల మీద కూర్చున్నా, ధ్యాసంతా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదే ఉండేది.

మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరిచేవాళ్లు. చదివి తిరిగిస్తే సగం ధర వెనక్కి. తొంభైల్లో అక్కా నేనూ చదివినవన్నీ అలా చదివినవే...

మాకు పట్టుకున్న పిచ్చి ఒక ఫ్రెంచ్ రచయిత. ఇంగ్లీషు అనువాదాలు. మొదట దొరికింది ఆయన ముసలితనంలో రాసిన మాయారాజ్యాల కథ... అట్ట వెనక ఫొటోలో తెల్లగడ్డం. తర్వాత నడివయసులో రాసిన అంతరిక్ష నవలలు. ఒక అమ్మాయి ఒంటరిగా నక్షత్రాల ఓడలో తిరిగే కథ. అందులోనూ చివరి భాగం ముందు దొరికింది, దాని ముందుది తర్వాత. ఫొటోలో గడ్డం నల్లబడుతూ వచ్చింది.

"మన దగ్గరికొచ్చే కొద్దీ ఈయన పోరడైతున్నడే," అని అక్క నవ్వేది.

మొదటి భాగం మాత్రం దొరకలేదు. కుర్రతనంలో రాసిన తొలి నవల అది. ఆ అమ్మాయి ఇల్లు విడిచి ఓడ ఎందుకెక్కిందో అందులోనే ఉంది.

ఒక ఆదివారం పుస్తకాల ఖాజా భాయ్ అన్నాడు... "గోదాంల ఉన్నదమ్మా. వచ్చేవారం తెస్తా. పదిన్నర దాకా ఎవ్వరికియ్య."

ఆ వచ్చే ఆదివారానికి మర్నాడే, సోమవారం, అక్క నర్సు ట్రైనింగుకు మెదక్ వెళ్లాలి. ఆలోపు ఇద్దరం కలిసి చదవాలి.

మేం మర్చిపోయింది ఒక్కటే... ఆ వచ్చేది నెలలో మొదటి ఆదివారం. ప్రభు భోజన సంస్కారం. ఆరాధన చాలాసేపు సాగుతుంది.

"అయ్యగారు ఇయ్యాల సృష్టి కాడి నుంచి షురూ చేసిండు," అక్క నా చెవిలో గొణిగింది.

"కాళ్ల కింద చీమలున్నయా మీకు?" మమ్మీ నా తొడ గిల్లింది.

చర్చి వదలగానే స్టేషన్ రోడ్డు వెంట పరుగు. కుచ్చిళ్లు పట్టుకుని అక్క ముందు, నేను వెనక...

"ఏందమ్మా, గిప్పుడా వచ్చేది? పదకొండు దాకా ఆపిన. ఎవరో సారు తీస్కపోయిండు."

"మాటిచ్చినవు గదా భాయ్!"

"నేను మాట మీదనే ఉన్న. మీరే తప్పిన్రు. అయ్యగారి ప్రార్థన నాకు ఈడికి ఇనవడ్తదా? జర ఆగు, సదివి తిరిగి తెస్తడు. అందరు తెస్తరు."

ఆ మనిషి తేలేదు. అక్క మర్నాడు బస్సెక్కింది. తర్వాత సెలవులకొచ్చిన ప్రతిసారీ బ్యాగు కింద పెట్టకముందే అడిగేది... "దొరికిందా?"

రెండువేల సంవత్సరం దాటాక, నేను పేపర్లో పనిచేస్తుండగా, ఆ రచయిత చనిపోయారని వార్త వచ్చింది. చిన్న ఐటమ్. తెలుగులో నేనే రాశాను. పుట్టడం, తొలి నవల, అంతరిక్షం, మాయారాజ్యాలు, మరణం... ఆయన జీవితం మొదటిసారి అసలు వరుసలో నా ముందుకొచ్చింది.

ఇప్పుడు ఏ పుస్తకమైనా ఫోన్లో దొరుకుతుందంటారు. ఆ అనువాదం మాత్రం ఫోన్లోనూ లేదు, మళ్లీ అచ్చూ కాలేదు. రిపోర్టరుగా ఎంతోమందిని వెతికి పట్టుకున్నాను... ఆ సారును తప్ప. ఆదివారం వస్తే ఇప్పటికీ ఇంట్లో కాలు నిలవదు.

ఆ పొద్దున మాకంటే ముందు ఆ పుస్తకం కొన్నది మీరేనా? అయితే ఒక్కటి చెప్పండి... ఆ అమ్మాయి ఇల్లు ఎందుకు విడిచింది? అక్క ఇంకా అడుగుతోంది.