వెనక తాడు

పర్చూరు దాటాక బస్సు టైరు పంక్చరైంది. అందరం దిగాం. నా పక్క సీటు అమ్మాయి ఎండిన పత్తికట్టె ఒకటి నేలలో గుచ్చింది. తెరచాప పడవల పందేలకు వెళ్తుందట.

"ఇది తెరచాప కట్టే పడవ కొయ్య అనుకోండి. కొయ్యని ముందువైపు నుంచి పట్టే తాడు ఇక్కడిదాకానే," అంటూ కొనకి జానెడు కింద వేలు పెట్టింది. "రేపు పెద్ద తెరచాప మాత్రం కొన నుంచే ఎగరెయ్యాలండి."

చున్నీని కొనకు కట్టగానే గాలికి ఉబ్బింది. కొన ముందుకు వంగిపోయింది.

"విరుగుతుందమ్మా!" అన్నాను.

కొనకు ఒక దారం కట్టి, రెండో కొసను కట్టె వెనక్కి తెచ్చి నా చేతికిచ్చింది. లాగి పట్టుకున్నాను. కట్టె నిలబడింది.

"పడవలో ఇది పట్టుకునేదెవరు?"

"నేనేనండి. పోయినసారి తెరచాప అందం చూస్తూ వదిలేశాను. కొయ్య విరిగింది."

ఆ పందెం ఏమైందో తెలియదు. మా మిరప కళ్లంలో కాయల మీద కప్పిన పరదా గాలికి లేస్తే మాత్రం, నా చూపు దాని వెనక తాడు మీదికే పోతుంది.